వాయిదా వ్యాపారంలో మార్జిన్లు, ధర పరిమితులు

వాయిదా వ్యాపారంలో (ఫ్యూచర్స్) కొన్నవారూ అమ్మినవారూ మాట తప్పకుండా చూడటానికి ఎక్స్ఛేంజీలు రెండు ప్రధాన కట్టుబాట్లు పెట్టుకున్నాయి. మొదటిది మార్జిన్. కాంట్రాక్టు విలువలో కొంత శాతాన్ని ముందుగానే హామీగా కట్టించుకునే సొమ్ము ఇది. ధర ఎదురుతిరిగిన రోజున నష్టాన్ని ఆ సొమ్ములోంచి మినహాయించి, తగ్గిన మేరకు మళ్లీ కట్టమని బ్రోకరు పంపే తాఖీదును మార్జిన్ కాల్ అంటారు. రెండవది ధర పరిమితి. ముందురోజు ముగింపు ధరకు పైనా కిందా ఎక్స్ఛేంజీ ఒక హద్దు గీస్తుంది. ఆ హద్దు దాటిన ధరతో వచ్చిన ఆర్డరును వ్యాపార వ్యవస్థ తీసుకోదు. మార్జిన్ డబ్బును సిద్ధంగా ఉంచుతుంది, ధర పరిమితి ఆ డబ్బు చేరడానికి వ్యవధి ఇస్తుంది. ఈ రెండింటిలో ఒకటి విఫలమైనప్పుడు రెండోదాని మీద భారమంతా పడుతుందని గత నూట అరవై ఏళ్ల చరిత్ర చెబుతుంది.

పనిచేసే తీరు

వాయిదా కాంట్రాక్టు కుదిరిన వెంటనే కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య క్లియరింగ్ సంస్థ ప్రవేశిస్తుంది. కొన్నవారికి అదే అమ్మకందారు, అమ్మినవారికి అదే కొనుగోలుదారు. అవతలివాడు ఎవరో, అతని పరపతి ఎంతో తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు. ప్రతి సాయంత్రం ఆనాటి సెటిల్‌మెంట్ ధర ప్రకారం లాభనష్టాలు లెక్కకట్టి, నష్టపోయినవారి ఖాతాలోంచి తీసి లాభపడినవారి ఖాతాలో వేస్తారు. దీన్ని మార్క్ టు మార్కెట్, వాడుకలో ఎంటీఎం అంటారు.

నిజామాబాదు ధర ఆధారంగా నడిచిన పసుపు కాంట్రాక్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. క్వింటాలు 10,000 రూపాయలుంటే లాటు విలువ 5 లక్షలు. మార్జిన్ 12 శాతం అనుకుంటే కొన్నవారు కట్టేది 60,000. ధర ఒక్కరోజులో 4 శాతం పడితే పోయేది 20,000. అదే పతనం వరసగా మూడు రోజులు సాగితే నష్టం 57,000 దాటుతుంది, కట్టిన సొమ్ము దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. ఆలోగా మార్జిన్ కాల్‌కు డబ్బు కట్టకపోతే బ్రోకరు ఆ పొజిషన్‌ను (చేతిలో ఉన్న కాంట్రాక్టును) మార్కెట్లో అమ్మి స్క్వేర్ ఆఫ్ చేస్తారు, అంటే ముగిస్తారు.

చిక్కు అక్కడే వస్తుంది. ధర హద్దుకు తగిలి ఆగిపోతే (కింది హద్దును లోయర్ సర్క్యూట్ అని, పై హద్దును అప్పర్ సర్క్యూట్ అని అంటారు) ఆ ధరకు అమ్మేవారే తప్ప కొనేవారు ఉండరు. బయటపడదామన్నా దారి ఉండదు, మార్జిన్ కాల్ మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే మార్జిన్ శాతాన్నీ ధర హద్దునూ ఒకదాన్నొకటి చూసుకుని నిర్ణయించాలి. ఈ సంబంధాన్ని సిద్ధాంతంగా నిరూపించిన ఘనత ఆర్థికశాస్త్రవేత్త మైకేల్ బ్రెనన్‌ది. 1986లో వెలువడిన ప్రసిద్ధ వ్యాసంలో ఆయన ధర పరిమితి కొంతమేర మార్జిన్‌కు ప్రత్యామ్నాయంగా పనిచేస్తుందని చూపించారు. అసలు ధర ఎంతవరకు పడిందో తెలియనప్పుడు, నష్టపోయినవాడు ఒప్పందం ఎగ్గొట్టాలా వద్దా అన్నది వెంటనే తేల్చుకోలేడని ఆయన వాదన. అయితే అదే సరుకు ధర వేరే మార్కెట్లో బయటికి తెలుస్తూ ఉంటే ఈ ప్రయోజనం తగ్గిపోతుందని కూడా ఆయన సిద్ధాంతం చెబుతుంది.

తొలి రూపాలు

జపాన్‌లోని ఒసాకా నగరంలో డోజిమా బియ్యం మార్కెట్‌కు 1730లో షోగునేట్ ప్రభుత్వ అనుమతి లభించింది. పుస్తకాల్లో లెక్కలతో నడిచే వాయిదా బేరాలకు అక్కడ క్లియరింగ్ ఇళ్లు కూడా ఉండేవి.

నేటి పద్ధతులకు మూలం అమెరికాలోని చికాగో. 1848లో ఏర్పడిన చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ తొలి ఏళ్లలో మొక్కజొన్న, గోధుమ ముందస్తు ఒప్పందాలకు వేదికగా ఉండేది. ధర తిరగబడగానే మాట తప్పడం ఆ రోజుల్లో మామూలు. 1865లో బోర్డు కాంట్రాక్టులకు ప్రామాణిక రూపం ఇచ్చి, అవతలి పక్షం నుంచి హామీ డిపాజిట్ కోరే హక్కును నిబంధనల్లో చేర్చింది. మార్జిన్ అనే ఏర్పాటుకు నియమబద్ధమైన ఆరంభంగా దీన్నే చెబుతారు. ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవులో 1882లో కాఫీ వ్యాపారం కోసం పెట్టిన లిక్విడేషన్ సంస్థ, 1891లో మినియాపొలిస్‌లో ఏర్పడిన క్లియరింగ్ హౌస్ ఈ పద్ధతిని మరో మెట్టు ఎక్కించాయి. సభ్యుల మధ్య ఉండే హామీని ఇవి ఒక ఉమ్మడి సంస్థ భుజాల మీదికి మార్చాయి.

చికాగో ఆ మెట్టు ఎక్కడానికి 1925 దాకా ఆగింది. ఆ ఏడాది మార్చిలో గోధుమ ధర ఘోరంగా పడిపోయింది. వ్యవసాయ కార్యదర్శి విలియం జార్డిన్ ఒత్తిడి తేవడంతో బోర్డు పూర్తిస్థాయి క్లియరింగ్ కార్పొరేషన్‌ను నెలకొల్పింది. అత్యవసర సమయాల్లో రోజువారీ ధర కదలికకు హద్దు విధించే అధికారాన్నీ అప్పుడే తీసుకుంది. 1933 జూలైలో గోధుమ మళ్లీ కూలినప్పుడు ఆ హద్దులు ఆచరణలోకి వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో ధాన్యం కాంట్రాక్టులన్నిటికీ దినసరి పరిమితి సాధారణ నిబంధనగా స్థిరపడింది. ఇప్పుడు చికాగోలో ధాన్యాల హద్దులను మే, నవంబరు నెలల్లో, ఏడాదికి రెండుసార్లు తాజా ధరలను బట్టి సవరిస్తున్నారు.

క్లియరింగ్ సంస్థ ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. 1974లో చక్కెర ధర తలకిందులైనప్పుడు పారిస్ క్లియరింగ్ సంస్థ, 1983లో పామాయిల్ బేరాల్లో కౌలాలంపూర్ క్లియరింగ్ సంస్థ కూలిపోయాయి. పెద్ద సభ్యుల దగ్గర సమయానికి మార్జిన్ వసూలు కాకపోవడం ఇలాంటి వైఫల్యాల్లో పదేపదే కనిపించే కారణం.

వెండి గురువారం, 1980

మార్జిన్ కాల్ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం అమెరికా వెండి మార్కెట్‌ది. టెక్సస్ చమురు కుటుంబానికి చెందిన నెల్సన్ బంకర్ హంట్, విలియం హెర్బర్ట్ హంట్ సోదరులు తమ భాగస్వాములతో కలిసి వెండిని సరుకుగానూ వాయిదా కాంట్రాక్టులుగానూ భారీగా కూడబెట్టారు. 1979 ఆరంభంలో ఔన్సు సుమారు 6 డాలర్లున్న ధర 1980 జనవరి మూడోవారానికి 50 డాలర్లకు చేరింది.

న్యూయార్క్‌లోని కామెక్స్ ఎక్స్ఛేంజీ మార్జిన్లు పెంచుతూ వచ్చింది. 1980 జనవరి 7న ఏ ఒక్కరూ ఎంతకు మించి కాంట్రాక్టులు ఉంచుకోకూడదో నిర్ణయించింది. జనవరి 21న పాత పొజిషన్లు వదిలించుకునే ఆర్డర్లు తప్ప కొత్త కొనుగోళ్లు తీసుకోబోమని ప్రకటించింది. ధర దిగడం మొదలైంది. మార్చి 25న బ్రోకింగ్ సంస్థ బాష్ పంపిన మార్జిన్ కాల్‌కు హంట్ సోదరులు డబ్బు కట్టలేకపోయారు. మార్చి 27, గురువారం నాడు వెండి 10.80 డాలర్ల దగ్గర ముగిసింది. బ్రోకరు కూలితే బ్యాంకులూ కదిలిపోతాయన్న భయంతో బ్యాంకుల బృందం హంట్ కుటుంబానికి 110 కోట్ల డాలర్ల అప్పు సమకూర్చింది. 1988 ఆగస్టులో న్యూయార్క్ జ్యూరీ వారిని కుట్రకు బాధ్యులుగా తేల్చింది.

మార్జిన్‌ను ఎప్పుడు పెంచాలన్న ప్రశ్న ఈ ఘట్టంతో ముందుకొచ్చింది. ధర శిఖరానికి చేరాక పెంచే మార్జిన్ పతనాన్ని మరింత వేగవంతం చేస్తుంది. నిలకడగా ఉన్న రోజుల్లోనే తగినంత వసూలు చేసే ఎక్స్ఛేంజీకి ఆ అవసరం తక్కువ పడుతుంది.

1987 అక్టోబరు

1987 అక్టోబరు 19న అమెరికా డౌజోన్స్ సూచీ 22.6 శాతం పడింది. చికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజీలో ఎస్ అండ్ పీ 500 ఫ్యూచర్స్ సుమారు 29 శాతం పడ్డాయి. ఆ కాంట్రాక్టుకు అప్పటికి దినసరి ధర పరిమితి లేదు. ఆ ఒక్కరోజు నష్టాల కింద ఎక్స్ఛేంజీ వసూలు చేయవలసిన మొత్తం దాదాపు 250 కోట్ల డాలర్లు. మర్నాడు ఉదయం మార్కెట్ తెరిచేలోగా అదంతా వసూలైంది. దినసరి సెటిల్‌మెంట్ పద్ధతి సాధించిన గొప్ప విజయంగా దీన్ని చెప్పుకోవాలి. ఆ వారంలోనే ఆ కాంట్రాక్టుకు ధర పరిమితి పెట్టారు. ప్రభుత్వం నియమించిన బ్రేడీ సంఘం సూచన మేరకు మార్కెట్ల మధ్య సమన్వయంతో పనిచేసే సర్క్యూట్ బ్రేకర్లు (వ్యాపారాన్ని కాసేపు ఆపే ఏర్పాట్లు) 1988 నుంచి వచ్చాయి. ఒక్కో కాంట్రాక్టుకు విడిగా గాక ఖాతాదారు పొజిషన్లన్నిటినీ కలిపి నష్టాన్ని అంచనా వేసే స్పాన్ లెక్క కూడా అదే ఏడాది చికాగో మర్కంటైల్‌లో పుట్టింది. భారత ఎక్స్ఛేంజీలు నేటికీ వాడుతున్నది ఆ పద్ధతినే.

హాంకాంగ్ అనుభవం వేరు. అక్కడ ఎక్స్ఛేంజీలను అక్టోబరు 20 నుంచి నాలుగు రోజులు మూసేశారు. 26న తెరిచేసరికి హాంగ్‌సెంగ్ సూచీ ఒక్కరోజులో 33 శాతం పడింది. ఫ్యూచర్స్ హామీ సంస్థను నిలబెట్టడానికి ప్రభుత్వమూ బ్యాంకులూ కలిసి వందల కోట్ల హాంకాంగ్ డాలర్లు సమకూర్చవలసి వచ్చింది. మార్జిన్ వసూలు సక్రమంగా లేనిచోట తలుపులు మూయడం నష్టాన్ని వాయిదా వేస్తుందే తప్ప తగ్గించదని ఇది తేల్చింది.

భారతదేశంలో: 2003 వరకు

బొంబాయి కాటన్ ట్రేడ్ అసోసియేషన్ 1875లో పత్తి వాయిదా వ్యాపారం మొదలుపెట్టింది. 1900లో గుజరాతీ వ్యాపారి మండలి వేరుసెనగ, ఆముదాలలోకి దిగింది. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం వాయిదా మార్కెట్లను కేంద్ర జాబితాలో చేర్చింది. 1952లో ఫార్వర్డ్ కాంట్రాక్టుల నియంత్రణ చట్టం, 1953లో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ (ఎఫ్ఎంసీ) వచ్చాయి. కమిషన్ చేతిలో ఉన్న సాధనాలు అప్పుడూ ఇవే: ప్రత్యేక మార్జిన్లు, గరిష్ఠ కనిష్ఠ ధరలు, పొజిషన్లపై పరిమితి. అవేవీ చాలవనుకున్న ప్రభుత్వం 1960ల మధ్యకు చాలా సరుకుల్లో వాయిదా వ్యాపారాన్నే నిషేధించింది. ఆపై మూడు దశాబ్దాలకు పైగా మిరియాలు, పసుపు, బెల్లం, ఆముదాల వంటి కొన్నిటికే అది మిగిలింది. 1994లో నివేదిక ఇచ్చిన కాబ్రా సంఘం మరిన్ని సరుకులను అనుమతించాలని సూచించింది.

భారతదేశంలో: 2003 తర్వాత

2003 ఏప్రిల్ 1న కేంద్రం నిషేధాలు ఎత్తివేసింది. ముంబయిలో 2003 నవంబరులో ఎంసీఎక్స్, డిసెంబరులో ఎన్‌సీడెక్స్ వ్యాపారం మొదలుపెట్టాయి. బంగారం, వెండి, ముడిచమురు ఎంసీఎక్స్‌లో, వ్యవసాయ సరుకులు ఎన్‌సీడెక్స్‌లో వేళ్లూనుకున్నాయి. తెలుగు ప్రాంతాలకు ఈ మార్కెట్‌తో సూటి సంబంధం ఏర్పడింది ఎన్‌సీడెక్స్ ద్వారానే. పసుపుకు నిజామాబాదు, ఎండుమిర్చికి గుంటూరు ఆధార కేంద్రాలయ్యాయి. ఆ యార్డుల్లోని వ్యాపారులు ఉదయం వేలానికి ముందే వాయిదా ధర చూసుకునే అలవాటు అప్పుడు మొదలైంది.

కంప్యూటర్ వ్యాపారం వచ్చాక ధర పరిమితి ఆర్డరు స్థాయికి దిగింది. హద్దు దాటిన ఆర్డరు తెర మీద నుంచే తిరస్కరణకు గురవుతుంది. పసుపు కాంట్రాక్టుకు తొలి హద్దు 4 శాతం. ధర దాన్ని తాకితే 15 నిమిషాల వ్యవధి తర్వాత మరో 2 శాతం సడలించి, ఆ రోజుకు మొత్తం 6 శాతం దగ్గర ఆపేవారు. ఎంసీఎక్స్ బంగారానికి 3, 6, 9 శాతాలుగా మూడు అంచెలు నిర్ణయించారు. మొదటి అంచె నుంచి రెండోదానికి ఆగకుండా వెళ్లవచ్చు, మూడోదానికి మాత్రం 15 నిమిషాలు ఆగాలి. స్థానిక రైతు పంటకు గట్టి హద్దు, అంతర్జాతీయ ధరను అనుసరించే లోహానికి సడలే హద్దు ఉండటం ఆలోచించి చేసిన ఏర్పాటు.

2012లో గోరుచిక్కుడు గింజల కథ ఈ సాధనాలకు పెద్ద పరీక్ష పెట్టింది. అమెరికాలో షేల్ గ్యాసు తవ్వకాలకు గోరుచిక్కుడు బంక కావలసి రావడంతో రాజస్థాన్, హరియాణా పంటకు గిరాకీ విపరీతంగా పెరిగింది. వాయిదా ధర రోజు తర్వాత రోజు పై హద్దును తాకింది. అదనపు నగదు మార్జిన్లు వేసినా ఆగలేదు. 2012 మార్చిలో ఎఫ్ఎంసీ వ్యాపారం నిలిపివేసింది. 2013 మేలో కాంట్రాక్టు మళ్లీ వచ్చింది. 2013 జూలై 31న నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజీ చెల్లింపుల సంక్షోభం బయటపడింది. బకాయిలు సుమారు 5,600 కోట్ల రూపాయలు. అది వాయిదా ఎక్స్ఛేంజీ కాకపోయినా, హామీ నిధి పేరుకే ఉంటే ఏమవుతుందో దేశానికి తెలిసివచ్చింది. 2015 సెప్టెంబరు 28న ఎఫ్ఎంసీ స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీలో విలీనమైంది.

సెబీకి తొలి పరీక్ష ఆముదాల రూపంలో కొద్ది నెలల్లోనే వచ్చింది. 2016 జనవరిలో ఆముదాల వాయిదా ధర వరసగా కింది హద్దును తాకుతూ పోయింది. కొన్నవారు బయటపడలేకపోయారు, కొందరి మార్జిన్లు జమ కాలేదు. జనవరి 27న ఎన్‌సీడెక్స్ ఆ కాంట్రాక్టుల్లో వ్యాపారం ఆపేసి, ఉన్న పొజిషన్లను ముగించింది. ధర హద్దు ఇచ్చిన వ్యవధిలో డబ్బు రాకపోతే ఆ వ్యవధి వల్ల ఉపయోగం లేదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ భారత మార్కెట్లో లేదు.

సున్నా కింది ధర, 2020

2020 ఏప్రిల్ 20న న్యూయార్క్‌లో మే నెల ముడిచమురు కాంట్రాక్టు బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర సెటిల్ అయింది. కోవిడ్ వల్ల వాడకం పడిపోయి, ఓక్లహోమాలోని కుషింగ్ కేంద్రంలో నిల్వకు చోటు కరువైంది. సరుకు తీసుకోలేనివారు డబ్బిచ్చి మరీ వదిలించుకున్నారు.

ఎంసీఎక్స్ ఏప్రిల్ కాంట్రాక్టు ముగిసేది కూడా ఆ రోజే. లాక్‌డౌన్ వేళల ప్రకారం భారత మార్కెట్ సాయంత్రం 5 గంటలకే మూతపడింది. చివరి ధర బ్యారెల్ 965 రూపాయల దరిదాపుల్లో ఉంది. అసలు పతనం భారత కాలమానంలో అర్ధరాత్రి దాకా సాగింది. ఎంసీఎక్స్ మొదట తాత్కాలికంగా 1 రూపాయి ధర ప్రకటించి, తర్వాత న్యూయార్క్ ధరను రూపాయల్లోకి మార్చి మైనస్ 2,884 రూపాయలుగా ఖరారు చేసింది. లాటు 100 బ్యారెళ్లు. సాయంత్రం దాకా పొజిషన్ ఉంచుకున్న కొనుగోలుదారుకు ఒక్కో లాటు మీద అదనపు నష్టం 3.8 లక్షలు దాటింది. లాటు విలువే లక్ష రూపాయలకు లోపు ఉన్నప్పుడు ఏ మార్జిన్ లెక్కా దీన్ని ఊహించలేదు. రుణాత్మక ధరతో ఆర్డరు పెట్టే వీలు అప్పటి వ్యవస్థలో లేదు కూడా. ఖాతాదారుల బకాయిలను బ్రోకర్లు భరించవలసి వచ్చింది. కొన్ని బ్రోకింగ్ సంస్థలు బాంబే హైకోర్టుకు వెళ్లాయి.

న్యూయార్క్‌లో ధర కదులుతూ ఉంటే ముంబయిలో మూసిన తలుపు రక్షణ కాలేదు. ధర వేరేచోట తెలుస్తున్నప్పుడు హద్దు బలహీనపడుతుందన్న బ్రెనన్ మాటకు ఇంత ఖరీదైన నిదర్శనం మరొకటి దొరకదు. 2020 సెప్టెంబరు 21న సెబీ సున్నాకు దగ్గరి, సున్నా కింది ధరలకు ప్రత్యేక నష్టభయ నిర్వహణ పద్ధతిని జారీ చేసింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి పగటివేళ పొజిషన్ ఎంత గరిష్ఠానికి చేరితే అంతకు తగిన మార్జిన్ ఉండాలనే పీక్ మార్జిన్ నిబంధన 25 శాతంతో మొదలై, దశలవారీగా పెరిగి, 2021 సెప్టెంబరు 1 నాటికి 100 శాతానికి చేరింది. సాయంత్రం లెక్క తేలేలోగా తీర్చేస్తామని పగలు కొండంత బేరం చేసే అలవాటుకు ఈ మంచి నిబంధన అడ్డుకట్ట వేసింది.

లండన్ నికెల్, 2022

1877లో ఏర్పడిన లండన్ మెటల్ ఎక్స్ఛేంజీ దినసరి ధర పరిమితులు లేకుండానే శతాబ్దానికి పైగా నడిచింది. ఆర్డర్లలో పొరపాట్లను అడ్డుకునే ధర బ్యాండ్లు మాత్రం ఉండేవి. 2022 మార్చి 8 తెల్లవారుజామున నికెల్ ధర టన్ను లక్ష డాలర్లు దాటింది. పెద్ద ఎత్తున ముందే అమ్మిపెట్టుకున్నవారు, వారిలో చైనా ఉక్కు సంస్థ సింగ్‌షాన్ ముఖ్యమైనది, మార్జిన్ కాల్స్ ఒత్తిడిలో చిక్కుకున్నారు. ఎక్స్ఛేంజీ వ్యాపారం ఆపి, ఆ ఉదయం జరిగిన లావాదేవీలన్నీ రద్దు చేసింది. వారం తర్వాత దినసరి హద్దులతో మార్కెట్ తెరిచింది. నికెల్‌కు మొదట 5 శాతం, ఇతర ప్రధాన లోహాలకు 15 శాతం. ఆనాడు పనిలో ఉన్న సిబ్బంది ధర బ్యాండ్లను సడలించి, ఆపై తొలగించారని బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ తేల్చింది. 2025 మార్చిలో ఎక్స్ఛేంజీకి 92 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

విమర్శలు, ప్రస్తుత స్థితి

ధర పరిమితి అసలు ధరను దాచిపెడుతుందని, హద్దు దగ్గరపడుతున్న కొద్దీ చిక్కుకుపోతామన్న భయంతో వ్యాపారులు తొందరపడి ధరను ఆ హద్దుకే లాక్కెళతారని విమర్శకులు అంటారు. దీన్ని అయస్కాంత ప్రభావం అంటారు. దాని మీద పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. హద్దులు లేకపోతే మార్జిన్ శాతం చాలా ఎక్కువ పెట్టాల్సి వస్తుందని, అప్పుడు చిన్న మిల్లర్లు, వ్యాపారులు, రైతు సంఘాలు మార్కెట్‌కు దూరమవుతాయని సమర్థకుల వాదన. నిజామాబాదు, గుంటూరు వంటి యార్డుల వైపు నుంచి చూస్తే ఈ వాదనే బలంగా కనిపిస్తుంది.

భారతదేశంలో ఈ సాధనాల భవితవ్యం మరో ప్రశ్నతో ముడిపడింది. 2021 డిసెంబరు 20న సెబీ వరి (బాస్మతి కానిది), గోధుమ, సెనగలు, ఆవాలు, సోయాబీన్, ముడి పామాయిల్, పెసలు అనే ఏడు సరుకుల్లో వాయిదా వ్యాపారాన్ని నిలిపివేసింది. ఆ గడువును తర్వాత పదేపదే పొడిగించింది. 1960లలో లాగే ఇక్కడ కూడా మార్జిన్, ధర హద్దు అనే సున్నితమైన సాధనాల స్థానంలో పూర్తి నిషేధం వచ్చింది. వెండి, ఆముదాలు, ముడిచమురు, నికెల్ అనుభవాలు మాత్రం వేరే దారి చూపుతాయి. మార్జిన్‌ను నిలకడ రోజుల్లోనే తగినంత వసూలు చేసి, ధర హద్దును ఆ మార్జిన్‌కు తగినట్టు నిర్ణయించి, రెండింటినీ ఒత్తిడి వేళ ఎవరి కోసమూ సడలించని ఎక్స్ఛేంజీలు పెద్ద పతనాలను తట్టుకుని నిలబడ్డాయి.